ఇంట్లో రికార్డింగ్‌కు, మిడి పనికి ఎలాంటి కంప్యూటర్ కావాలి? బెజవాడ, గుంటూరు సంగీతకారులకు సమగ్ర మార్గదర్శి

"పాటలు రికార్డు చేసుకోవడానికి కంప్యూటర్ కావాలండీ" అని అడగ్గానే చాలా షాపుల్లో ముందు గేమింగ్ కంప్యూటర్ చూపిస్తారు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు, అద్దాల క్యాబినెట్, లోపల రంగురంగుల లైట్లు. ఆ బిల్లులో పెద్ద వాటా మన పనికి అక్కరకు రాదు. మనకు నిజంగా కావాల్సినవి మాత్రం ఆ బిల్లులో ఉండవు: మంచి ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును, హెడ్‌ఫోన్స్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె), చప్పుడు చెయ్యని ఫ్యాన్లు, సరైన ఎర్తింగ్, యూపీఎస్.

చర్చి పాటలకు సంగీతం కట్టే గుంటూరు కీబోర్డిస్టులు, సత్యనారాయణపురంలో ఇంట్లోనే సంగీతం పాఠాలు చెప్పే టీచర్లు, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు, దసరాకు అమ్మవారి పాటల ఆల్బమ్ చేద్దామనుకునే కుర్రాళ్లు, ఇలాంటివాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మిడి అంటే కీబోర్డు మీద ఏ మీట నొక్కారో కంప్యూటర్‌కు చెప్పే పద్ధతి. చేతిలో ఉన్న డబ్బు ఏ భాగం మీద ఎంత పెట్టాలో, ఏది వదిలేయొచ్చో వరుసగా చూద్దాం.

ముందు ఒక్క విషయం మనసుకెక్కితే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. ఆడియో పనిలో కంప్యూటర్‌కు అతి చిన్న గడువులు ఉంటాయి. వీడియో ఎడిటింగ్‌లో ఎక్స్‌పోర్ట్ పది నిమిషాలు ఆలస్యమైనా నష్టం లేదు, ఫైలు మాత్రం సరిగ్గానే వస్తుంది. ధ్వని అలా కాదు. సెకనుకు 48,000 శాంపిళ్లు (ధ్వని తాలూకు కొలతలు) ఆగకుండా స్పీకర్‌కు చేరుతూనే ఉండాలి. కంప్యూటర్ వాటిని చిన్న చిన్న కట్టలుగా తయారు చేసి పంపుతుంది. ఆ కట్ట పేరే బఫర్. 128 శాంపిళ్ల బఫర్ పెడితే ప్రతి 2.67 మిల్లీసెకన్లకు ఒక కట్ట సిద్ధం కావాలి. ఒక్క కట్ట అందకపోయినా "టప్" మని చప్పుడు వస్తుంది. రికార్డింగ్ మధ్యలో అలా జరిగితే ఎంత బాగా పాడినా ఆ టేక్ పనికిరాదు. సగటున ఎంత వేగం అన్నది మనకు అంత ముఖ్యం కాదు. ఒక్కసారి కూడా గడువు తప్పని యంత్రం కావాలి.

మొదటి అడుగు: మీ పని ఏ రకమో తేల్చుకోండి

షాపుకు వెళ్లేముందు ఒక కాగితం తీసుకుని, మీరు చేసే అతి బరువైన పాట ఎలా ఉంటుందో రాసుకోండి. ఒకేసారి ఎన్ని మైకులు రికార్డు చెయ్యాలి? ఎన్ని ట్రాకులు (ఒక్కో గొంతుకు, వాయిద్యానికి విడి వరుసలు)? వాటిలో కంప్యూటర్ లోపలి నుంచి పలికే వాయిద్యాలు ఎన్ని? ఈ మూడు తెలిస్తే చాలు.

గాత్రం, వయొలిన్, మృదంగం, తంబుర కలిపి నాలుగు మైకుల మీద కచేరీ రికార్డు చేయాలంటే కంప్యూటర్‌కు పెద్ద శ్రమ లేదు. లెక్క చూడండి: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో (అంటే సెకనుకు 48,000 శాంపిళ్లు, ఒక్కోటి 24 బిట్లు) ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.64 ఎంబీ తీసుకుంటుంది. నాలుగు ట్రాకులు, రెండు గంటల కచేరీ అంటే దాదాపు 4.1 జీబీ. పాత ల్యాప్‌టాప్ కూడా ఈ పని చేసిపెడుతుంది. ఇక్కడ డబ్బు మైకుల మీద, నాలుగు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్ మీద పెట్టాలి.

కీబోర్డు ముందు కూర్చుని వయొలిన్ సెక్షన్, వీణ, తబలా, బేస్, కోరస్ అన్నీ సాఫ్ట్‌వేర్ వాయిద్యాలతోనే కట్టేవాళ్ల సంగతి వేరు. బరువైన పని అదే. ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) మూడూ గట్టిగా ఉండాలి. ఈ వ్యాసంలో చాలా భాగం వాళ్ల కోసమే.

స్టేజి మీద ల్యాప్‌టాప్‌తో వాయించేవాళ్లు మూడో రకం. వాళ్లకు వేగం కన్నా నమ్మకం ముఖ్యం. ఆ ల్యాప్‌టాప్‌లో సంగీతం తప్ప మరే పనీ చెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం. ఇంట్లో పిల్లలు ఆటలు ఆడుకునే ల్యాప్‌టాప్‌ను ముహూర్తం వేళకు స్టేజి ఎక్కించొద్దు.

రెండో అడుగు: ఆలస్యం ఎంతవరకు భరించగలరో చూసుకోండి

పెళ్లి భోజనాల బంతిలో వడ్డన గుర్తు చేసుకోండి. విస్తరిలో ఒక్కసారే బాగా వడ్డిస్తే వడ్డించేవాడు నిదానంగా తిరిగి రావచ్చు, విస్తరి ఖాళీ కాదు. కొంచెం కొంచెం వడ్డిస్తే మాత్రం పరుగులు పెట్టాలి, క్షణం ఆలస్యమైనా విస్తరి ఖాళీ. బఫర్ సంగతీ ఇంతే. 1024 శాంపిళ్ల బఫర్ పెడితే ప్రాసెసర్‌కు 21 మిల్లీసెకన్ల తీరిక దొరుకుతుంది. కానీ మీరు మీట నొక్కాక స్వరం వినిపించడానికి కూడా అంత ఆలస్యం అవుతుంది. 64 పెడితే 1.33 మిల్లీసెకన్లే. చేతికి హాయిగా ఉంటుంది, ప్రాసెసర్‌కు మాత్రం ఊపిరాడదు.

అందుకే రికార్డు చేసేటప్పుడు 64 లేదా 128, మిక్సింగ్ చేసేటప్పుడు 512 లేదా 1024 పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. మిక్సింగ్‌లో ఎవరూ వాయించరు కాబట్టి ఆలస్యంతో పేచీ లేదు.

పాడేవాళ్ల విషయంలో ఇంకో లెక్క ఉంది. గొంతు మైకులోంచి కంప్యూటర్‌లోకి వెళ్లి, తిరిగి హెడ్‌ఫోన్స్‌లోకి రావాలి. అంటే బఫర్ రెండుసార్లు పడుతుంది, దానికి తోడు ఇంటర్‌ఫేస్ లోపల జరిగే మార్పిడి, డ్రైవర్ (పరికరాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) తీసుకునే అదనపు సమయం. 128 బఫర్‌తో రెండుసార్లకు 5.3 అయినా, అన్నీ కలిపితే ఎనిమిది, పది మిల్లీసెకన్ల దాకా వెళ్లవచ్చు. సుమారు 10 దాటితే చాలామంది గాయకులకు తమ గొంతు తమకే వింతగా వినిపిస్తుంది, శ్రుతి మీద నమ్మకం సడలుతుంది. శబ్దం గాలిలో సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి 10 మిల్లీసెకన్లంటే మూడున్నర మీటర్ల దూరంలో ఉన్న స్పీకర్ విన్నట్టే. తాళం వేసేవాడికి అది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. కానీ పాడేవాళ్లకు సొంత గొంతు తల లోపల ఎముకల ద్వారా ముందే వినిపిస్తుంటుంది, ఆలస్యంగా వచ్చిన గొంతు దాంతో కలిసి గజిబిజి అవుతుంది. దీనికి విరుగుడుగా చాలా ఇంటర్‌ఫేస్‌లలో డైరెక్ట్ మానిటర్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే గొంతు కంప్యూటర్ దాకా పోకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌కు వస్తుంది. పాడేవాళ్లను మాత్రమే రికార్డు చేసేవాళ్లకు ఈ ఒక్క బటన్ ఉంటే ఖరీదైన ప్రాసెసర్ అవసరమే తీరిపోతుంది.

మూడో అడుగు: ప్రాసెసర్

ఇక్కడ చాలామంది కోర్ల (ప్రాసెసర్ లోపల విడివిడిగా లెక్కలు చేసే భాగాల) సంఖ్య చూసి కొంటారు. కోర్లు కావాలి, నిజమే. కానీ ఒక ట్రాకు మీద వాయిద్యం, దాని తర్వాత ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్ లాంటి ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) వరుసగా పెట్టారనుకోండి. ముందుది పూర్తయితే గానీ తర్వాతది మొదలు కాదు. కాబట్టి ఆ వరుస మొత్తం సాధారణంగా ఒకే కోర్ మీద నడుస్తుంది. మాస్టర్ ట్రాకు మీద పెట్టే ప్లగిన్లదీ అదే పరిస్థితి. పదహారు కోర్లున్నా ఆ ఒక్క కోర్ గడువు తప్పితే టప్ మంటుంది. అందువల్ల ఒక్కో కోర్ వేగం ముందు చూడండి, కోర్ల సంఖ్య తర్వాత. గట్టి కోర్లు ఆరు నుంచి ఎనిమిది ఉంటే పాటలు కట్టే పనికి బాగా సరిపోతుంది.

ఇంటెల్ 12వ తరం నుంచి చాలా మోడళ్లలో రెండు రకాల కోర్లు వస్తున్నాయి: వేగంగా పనిచేసేవి, కరెంటు పొదుపు చేసేవి. ప్రకటనలో రెండూ కలిపి చెబుతారు. గట్టి కోర్లు ఎన్ని అని విడిగా అడగండి.

ల్యాప్‌టాప్ కొనేవాళ్లు పేరులో ఐ5, ఐ7 అన్నదానికన్నా మోడల్ నంబరు చివరి అక్షరం చూడాలి. చివర యూ ఉంటే తక్కువ కరెంటు వాడే రకం. హెచ్ ఉంటే ఎక్కువ శక్తి తీసుకుని, ఎక్కువసేపు వేగం నిలుపుకునే రకం. కొత్త మోడళ్లలో పేర్లు పెట్టే పద్ధతి మారింది కానీ ప్రశ్న మాత్రం అదే: ఎన్ని వాట్ల ప్రాసెసర్? సన్నటి ల్యాప్‌టాప్‌లో ఉన్న ఐ7 కన్నా లావుపాటి ల్యాప్‌టాప్‌లో ఉన్న ఐ5 పాట మధ్యలో బాగా నిలబడిన సందర్భాలు నేను చూశాను.

సెకండ్ హ్యాండ్ కొంటే ఒక గీత గీసుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే దాదాపుగా ఇంటెల్ 8వ తరం, రైజెన్ 2000 వరుస, ఆ పైవి ఉండాలి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా కావాలి. అంతకన్నా పాతది ఎంత చవకగా వచ్చినా, ఇంటర్నెట్ లేకుండా రికార్డింగ్‌కే వాడతానంటే తప్ప తీసుకోకండి.

గ్రాఫిక్స్ కార్డు గురించి ఎక్కువ చెప్పను. ప్రాసెసర్‌తో పాటు వచ్చే గ్రాఫిక్సే సంగీతానికి చాలు. అసెంబ్లింగ్ చేయించుకునేవాళ్లు గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసరే ఎంచుకోవాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటిలో అది ఉండదు. గ్రాఫిక్స్ కార్డు మానేస్తే మిగిలిన డబ్బుతో పాటు దాని ఫ్యాన్ చప్పుడు కూడా తప్పుతుంది.

మ్యాక్ తీసుకోవచ్చా అంటే, నిరభ్యంతరంగా. 2020 చివర్లో వచ్చిన ఎం1 నుంచి ఆపిల్ చిప్‌లున్న కంప్యూటర్లు ఆడియో పనికి చాలా బాగుంటాయి. డ్రైవర్ల గొడవ తక్కువ, చప్పుడూ తక్కువ. కంప్యూటర్ మీద ఆపిల్ వాళ్ల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్ ప్రో వాడాలనుకుంటే ఎలాగూ మ్యాక్ కావాల్సిందే. కానీ వాటిలో ర్యామ్ తర్వాత పెంచుకోలేం, కొనేటప్పుడే ఆలోచించి తీసుకోవాలి. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఈ చిప్‌లున్న మోడళ్లకు ఫ్యాన్ ఉండదు. మైకు పక్కన అది వరమే, బరువైన ప్రాజెక్టు గంటల తరబడి నడిపితే మాత్రం వేడెక్కి వేగం తగ్గుతుంది.

లినక్స్‌లో ఆర్డర్ (Ardour) లాంటి మంచి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. రికార్డింగ్ వరకు బాగా పనిచేస్తుంది. కాకపోతే పేరున్న వాయిద్యాల లైబ్రరీలు చాలావరకు విండోస్‌కు, మ్యాక్‌కు మాత్రమే వస్తాయి.

నాలుగో అడుగు: ర్యామ్, డిస్క్

ర్యామ్ ఎందుకు ఇంత కావాలి? నిజమైన వాయిద్యాన్ని స్వరం స్వరం రికార్డు చేసి కట్టిన లైబ్రరీల వల్ల. ఒక పియానో లైబ్రరీలో ఒక్కో మీటకు మెల్లగా నొక్కితే ఒకటి, గట్టిగా నొక్కితే ఒకటి అలా ఎన్నో రికార్డింగులు ఉంటాయి. మీట నొక్కగానే పలకాలి కాబట్టి ప్రతి రికార్డింగ్ మొదటి ముక్కను సాఫ్ట్‌వేర్ ముందుగానే ర్యామ్‌లో పెట్టుకుంటుంది. మిగతా భాగాన్ని వాయిస్తుండగా డిస్క్ నుంచి లాక్కుంటుంది. దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతాయి. లైబ్రరీలు ఎక్కువైతే ర్యామ్ ఎక్కువ కావాలి. డిస్క్ వేగంగా ఉంటే ముందుగా పెట్టుకునే ముక్క చిన్నది చేసుకోవచ్చు కాబట్టి ర్యామ్ కొంత ఆదా అవుతుంది.

గాత్రం, కచేరీ రికార్డింగ్‌కు 8 జీబీతో నెట్టుకురావచ్చు, 16 ఉంటే నిశ్చింత. సాఫ్ట్‌వేర్ వాయిద్యాలతో పాటలు కట్టేవాళ్లు 16తో మొదలుపెట్టి 32కి పెంచుకునే వీలు ఉంచుకోవాలి. సినిమా తరహా పెద్ద ఆర్కెస్ట్రా లైబ్రరీలు వాడితే 32 కనీసం అనుకోండి, 64 పెట్టినా దండగ కాదు. ఒకే కర్ర బదులు సమానమైన రెండు కర్రలు వేయించుకోండి, ప్రాసెసర్‌కు ర్యామ్‌కు మధ్య దారి రెండింతలవుతుంది. ఇంకో సంగతి: అసెంబ్లింగ్‌లో ర్యామ్ డబ్బా మీద రాసిన వేగం దానంతటదే రాదు. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనేది ఆన్ చెయ్యాలి. షాపులోనే చేయించుకుని, చూపించమనండి.

డిస్క్ విషయంలో మొహమాటం వద్దు. విండోస్, సాఫ్ట్‌వేర్, లైబ్రరీలు, నడుస్తున్న ప్రాజెక్టులు అన్నీ ఎస్‌ఎస్‌డీ మీదే ఉండాలి. తిరిగే హార్డ్ డిస్క్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లి వెతకడానికే పది మిల్లీసెకన్ల దాకా తీసుకుంటుంది. ఒక్క తీగ వాయిద్యానికే పదుల కొద్దీ ఫైళ్లు ఒకేసారి కావాల్సి వచ్చినప్పుడు దానివల్ల కాదు. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దాకా ఇస్తుంది, మన పనికి అది కూడా సరిపోతుంది. మదర్‌బోర్డులో చోటుంటే ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ తీసుకోండి, ఇప్పుడు ధరలో పెద్ద తేడా ఉండట్లేదు. వీలైతే రెండు ఎస్‌ఎస్‌డీలు పెట్టి, లైబ్రరీలు ఒకదానిలో, మిగతావి ఇంకోదానిలో ఉంచుకోండి. రేపు విండోస్ మళ్లీ వేయాల్సి వచ్చినా వందల జీబీల లైబ్రరీలు మళ్లీ డౌన్‌లోడ్ చేసే బాధ ఉండదు.

హార్డ్ డిస్క్‌ను బ్యాకప్‌కు వాడండి. పాట పూర్తయిన రోజే కాపీ తీయాలి. గాయని మళ్లీ అదే మనసుతో అదే చరణం పాడటం ఎవరి చేతుల్లోనూ లేదు.

ఐదో అడుగు: ఆడియో ఇంటర్‌ఫేస్

మొత్తం బడ్జెట్‌లో ఇది ముందు పక్కన పెట్టాల్సిన డబ్బు. కంప్యూటర్‌లో ఉండే మామూలు సౌండ్ చిప్ పాటలు వినడానికి తయారైంది. మైకు పెట్టి రికార్డు చేస్తే సర్రుమనే చప్పుడు, పైగా ఆలస్యం.

విండోస్ వాడేవాళ్లు ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: కంపెనీ సొంతంగా తయారు చేసిన ఆసియో డ్రైవర్ ఉందా? స్టైన్‌బర్గ్ కంపెనీ 1997లో తెచ్చిన పద్ధతి ఇది. విండోస్ శబ్దవ్యవస్థను పక్కన పెట్టి, సాఫ్ట్‌వేర్‌కూ ఇంటర్‌ఫేస్‌కూ నేరుగా దారి వేస్తుంది. ఆసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ ఉంది కానీ అది మామూలు విండోస్ డ్రైవర్ మీద కూర్చుని పనిచేస్తుంది. చేతిలో ఇంటర్‌ఫేస్ లేనప్పుడు సర్దుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే. మ్యాక్‌లో కోర్ ఆడియో ఆ పని తానే చేస్తుంది.

యూఎస్‌బీ 2.0 అని ఉంటే పాతదని వదిలేయకండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక ఛానెల్‌కు సెకనుకు 1.15 మెగాబిట్లు చాలు. యూఎస్‌బీ 2.0 దారి 480 మెగాబిట్లది. రెండు, నాలుగు, ఎనిమిది మైకులకు అది విశాలమే.

కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ మైకు తీగ ద్వారానే పంపే కరెంటు) కావాలి. గిటార్, పికప్ పెట్టిన వీణ, వయొలిన్‌కు ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ కావాలి. పాత సింథ్, రిథమ్ ప్యాడ్ ఉన్నవాళ్లు గుండ్రటి మిడి సాకెట్లు ఉన్నదే చూసుకోండి. ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్ వెనక పోర్టుకు నేరుగా పెట్టండి. చవక హబ్ మధ్యలో పెడితే కరెంటు చాలక ఫాంటమ్ పవర్ ఇచ్చే వేళకు తడబడుతుంది.

శాంపిల్ రేటు (సెకనుకు ఎన్ని శాంపిళ్లు అన్నది) ఎక్కువ పెడితే పాట బాగుంటుందనే నమ్మకం బాగా ఉంది. 96 కిలోహెర్ట్జ్ పెడితే ఫైళ్లు రెండింతలు, ప్రాసెసర్ శ్రమ దాదాపు రెండింతలు. యూట్యూబ్‌కు, షార్ట్ ఫిల్మ్‌లకు 48, సీడీ కోసమైతే 44.1. బిట్లు మాత్రం 24 ఉంచండి. అప్పుడు లెవల్‌ను ఎర్ర గీత దాకా తోయాల్సిన పని లేదు. గట్టిగా ఎత్తుకున్నప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. మన గాయకులు పల్లవి మెల్లగా మొదలుపెట్టి పై షడ్జమం దగ్గర ఒక్కసారి గొంతు విప్పుతారు, ఆ ఖాళీ అప్పుడు కాపాడుతుంది.

ఆరో అడుగు: మిడి

మిడి శబ్దం కాదు, ఏ మీట, ఎంత గట్టిగా, ఎప్పుడు అన్న సమాచారం మాత్రమే. పాట మొత్తం మిడి ఫైలు కొన్ని కిలోబైట్లలో ఇమిడిపోతుంది. కంప్యూటర్‌కు బరువు మిడి వల్ల రాదు, అది పలికించే వాయిద్యాల వల్ల వస్తుంది. పెడల్ తొక్కి పియానో వాయిస్తే పాత స్వరాలు మోగుతుండగానే కొత్తవి చేరతాయి. పది వేళ్లతోనే వందకు పైగా శబ్దాలు ఒకేసారి నడవాల్సి రావచ్చు.

1983లో వచ్చిన ఈ ప్రమాణంలో గుండ్రటి ఐదు పిన్నుల తీగ సెకనుకు 31,250 బిట్లు మోస్తుంది. ఒక స్వరం మొదలయ్యే సందేశానికి దాదాపు ఒక మిల్లీసెకను. రెండు చేతులతో పది స్వరాలు ఒకేసారి కొడితే చివరి స్వరం ఏడు నుంచి పది మిల్లీసెకన్లు వెనకబడొచ్చు. యూఎస్‌బీ మిడిలో ఈ ఇరుకు ఉండదు. కొత్త కీబోర్డు కొంటే యూఎస్‌బీ సాకెట్ ఉన్నదే తీసుకోండి, చాలావాటికి విడిగా డ్రైవర్ కూడా అక్కర్లేదు. పాతదానికి యూఎస్‌బీ మిడి కేబుల్ కొనాల్సి వస్తే అతి చవకదాని జోలికి పోకండి. మామూలు స్వరాలు దాటించినా, సందేశాలు పెద్దవైనప్పుడు అలాంటి కేబుళ్లు వాటిలో కొంత భాగం మింగేస్తాయి.

గమకాలు పలికించాలనుకునేవాళ్లకు ఒక మాట. పిచ్ బెండ్‌లో 16,384 మెట్లు ఉంటాయి, కాబట్టి తోడిలో గాంధారాన్ని ఊపడానికి సూక్ష్మత చాలినంత ఉంది. చిక్కు ఎక్కడంటే, చాలా వాయిద్యాల్లో బెండ్ హద్దు మొదట రెండు అర్ధస్వరాలే పెట్టి ఉంటుంది. పెద్ద జారుకు అది చాలదు. వాయిద్యం సెట్టింగుల్లో దాన్ని ఐదు నుంచి పన్నెండు దాకా పెంచుకోండి. పెంచినకొద్దీ చక్రం కొంచెం తిప్పినా ఎక్కువ కదులుతుంది, చేతికి సాధన కావాలి. ఒక్కో వేలికి విడిగా బెండ్ ఇచ్చే ఎంపీఈ కీబోర్డులు వచ్చాయి. కర్ణాటక సంగీతానికి అవి ఎంతో దగ్గరగా ఉంటాయి. ఇవి ఒక్కో స్వరానికి ఒక్కో ఛానెల్ వాడి, సందేశాలు ధారగా పంపుతాయి, అందుకని యూఎస్‌బీ మీదే నడపాలి.

ఏడో అడుగు: మన ఎండ, మన గది

మే నెలలో విజయవాడ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ప్రాసెసర్ బాగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. జనవరిలో హాయిగా నడిచిన ప్రాజెక్టు మేలో టప్ టప్ మంటే సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకోకండి, ముందు ఉష్ణోగ్రత చూడండి. మా ఊళ్ల పరిస్థితికి డెస్క్‌టాప్ మేలని నేను గట్టిగా చెబుతాను. ప్రాసెసర్‌తో వచ్చే చిన్న ఫ్యాన్ తీసేయించి, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న పెద్ద టవర్ కూలర్ వేయించుకోండి. పెద్ద ఫ్యాన్ నిదానంగా తిరిగి కూడా అంతే గాలి ఇస్తుంది, చప్పుడు తక్కువ. ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకోండి, అద్దం మూసినది వద్దు. రోడ్డు పక్క ఇళ్లలో దుమ్ము ఎక్కువ, రెండు మూడు నెలలకోసారి బ్లోయర్‌తో ఊదాలి.

చప్పుడుదీ అంతే ముఖ్యం. 1948 డిసెంబర్ 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం లాంటి చోట్ల మైకు ఉన్న గది వేరు, యంత్రాలున్న గది వేరు, మధ్యలో అద్దం. ఇంట్లో మనకు మైకూ యంత్రాలూ ఒక్క గదిలోనే. ఆ గదిలో ఏసీ, సీలింగ్ ఫ్యాన్ రికార్డింగ్ సమయంలో ఆపుతాం. కంప్యూటర్ ఆపలేం. కాబట్టి వీలైతే దాన్ని పక్క గదిలో పెట్టి తీగలు తలుపు కింద నుంచి లాగండి. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్ల దాకా పొడవుండవచ్చు. అది కుదరకపోతే కార్డియాయిడ్ మైకు వీపు కంప్యూటర్ వైపు ఉండేలా నిలబెట్టండి, ఆ రకం మైకు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తక్కువ పట్టుకుంటుంది. టేక్ కు ముందు ఏసీ వేసి గది చల్లబరుచుకుని, పాడేటప్పుడు ఆపేస్తే మనిషికీ యంత్రానికీ మంచిది.

ఎనిమిదో అడుగు: కరెంటు

హెడ్‌ఫోన్స్‌లో "హుమ్మ్" అని సన్నగా వినిపిస్తోందా? అది చాలాసార్లు 50 హెర్ట్జ్ కరెంటు, దాని రెట్టింపు 100. వేల రూపాయలు పోసి ఇంటర్‌ఫేస్ మార్చేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ చూస్తే రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. వేసవిలో ఎర్త్ గుంట ఎండిపోయి ఎర్తింగ్ బలహీనపడుతుంది. గుంటలో అప్పుడప్పుడు నీళ్లు పోయడం పాతకాలం ఎలక్ట్రీషియన్లందరూ చెప్పే మాట, అది ఇప్పటికీ సరైనదే.

కంప్యూటర్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు, కీబోర్డు అన్నిటినీ ఒకే ప్లగ్ పాయింట్ నుంచి, మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపండి. వేర్వేరు గోడల నుంచి తీసుకుంటే ఎర్త్ తీగలు చుట్టు తిరిగి హమ్ వస్తుంది. హమ్ పోవడానికి ప్లగ్‌లో మూడో పిన్ను విరిచేసే పని మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. అది ప్రాణాలకే ప్రమాదం. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేయగానే చప్పుడు ఆగితే దోషం ఛార్జర్ దారిలో ఉన్నట్టు. ఆ ఒక్క టేక్ బ్యాటరీ మీద తీయండి, తీరిగ్గా ఎర్తింగ్ సరిచేయించండి.

డెస్క్‌టాప్‌కు యూపీఎస్ తప్పనిసరి. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు 600 వీఏ రకం, అంటే సాధారణంగా 360 వాట్లు, పని సేవ్ చేసి ఆపడానికి సరిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు అది సైన్‌వేవ్ రకమో కాదో చూసుకోండి. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద ఆడియోలోకి గరగర రావడం మామూలే. వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు పెట్టండి, కరెంటు పోయిన క్షణంలో త్వరగా అందుకుంటుంది.

తొమ్మిదో అడుగు: సెట్టింగులు, పరీక్ష

మంచి భాగాలు కొని కూడా చాలామంది ఇక్కడ నష్టపోతారు. విండోస్‌లో పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చండి. యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి, లేకపోతే పొదుపు పేరుతో ఇంటర్‌ఫేస్‌నే నిద్రపుచ్చుతుంది. ప్రాజెక్టుల, లైబ్రరీల ఫోల్డర్లను యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించండి. రికార్డింగ్ వేళ వైఫై, బ్లూటూత్ ఆపండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటే వేగం తగ్గుతుంది కాబట్టి, హమ్ సమస్య లేనంతవరకు ఛార్జర్ పెట్టే నడపండి.

తర్వాత లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఒక పావుగంట నడపండి. ఏ డ్రైవర్ మధ్యలో అడ్డం పడి ప్రాసెసర్‌ను పట్టుకుంటోందో పేరుతో సహా చెబుతుంది. ఎక్కువసార్లు దొరికేవి వైఫై, గ్రాఫిక్స్, బ్యాటరీ డ్రైవర్లే. ప్రాసెసర్ 20 శాతం కూడా వాడకుండానే టప్ మనే కంప్యూటర్‌కు జబ్బు ఇక్కడే దొరుకుతుంది.

అసలు ఆలస్యం కొలవాలంటే ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు ఒక కేబుల్ పెట్టండి. హెడ్‌ఫోన్స్ తీసేసి, డైరెక్ట్ మానిటర్, సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ రెండూ ఆపి, ఒక ట్రాకులో ఉన్న క్లిక్ శబ్దాన్ని ఇంకో ట్రాకులో రికార్డు చేయండి. సాఫ్ట్‌వేర్‌లో ఆలస్యాన్ని సర్దే ఆప్షన్ ఆపితేనే నిజమైన తేడా కనిపిస్తుంది. రెండు క్లిక్‌ల మధ్య 480 శాంపిళ్ల దూరం ఉంటే, 48 కిలోహెర్ట్జ్‌లో సరిగ్గా 10 మిల్లీసెకన్లు.

సాఫ్ట్‌వేర్ ఏదీ కొనకముందే ఈ పరీక్షలన్నీ చేసుకోవచ్చు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు పూర్తిగా వాడి చూడనిస్తారు, పాత కంప్యూటర్ల మీద కూడా తేలిగ్గా నడుస్తుంది.

బరువైన ప్రాజెక్టులో టప్ మనడం మొదలైతే వెంటనే కొత్త కంప్యూటర్ గురించి ఆలోచించకండి. పూర్తయిన వాయిద్యాల ట్రాకులను ఫ్రీజ్ చేయండి. సాఫ్ట్‌వేర్ వాటిని మామూలు ఆడియోగా మార్చి పక్కన పెడుతుంది, ప్రాసెసర్, ర్యామ్ రెండూ ఖాళీ అవుతాయి. మార్చాలనుకుంటే మళ్లీ విప్పుకోవచ్చు. ఒక్కో రివర్బ్ ఒక్కో ట్రాకు మీద పెట్టే బదులు ఒకే రివర్బ్ పెట్టి అన్ని ట్రాకులనూ దానికి పంపండి.

సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ చూడటానికి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో రీపర్, మీ పాత ప్రాజెక్టు ఒకటి, చేతిలో మీ ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్స్ తీసుకెళ్లండి. డ్రైవర్ వేసి, బఫర్ 128 పెట్టి, అదే వాయిద్యాన్ని ట్రాకు తర్వాత ట్రాకుగా పెంచుకుంటూ టప్ మనేదాకా వెళ్లండి. ఆ సంఖ్య రాసుకోండి. అరగంట అలాగే నడవనిచ్చి, వేడెక్కాక మళ్లీ లెక్కపెట్టండి. రెండు సంఖ్యలూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ కంప్యూటర్ కూలింగ్ బాగుందని అర్థం, బేరం మొదలుపెట్టొచ్చు. రెండోది బాగా పడిపోతే దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ కారణం కావచ్చు. శుభ్రం చేసి పేస్ట్ మార్చి ఇస్తామంటే మరోసారి పరీక్షించండి. పరీక్షే చెయ్యనివ్వమంటే ఇంకో షాపు చూసుకోండి.